అత్తగారు చెప్పిన చప్పుళ్ళు

కుడివైపు వెనక తలుపు అట్ట ఊడదీసి, లోపలి రేకు మీద దుమ్మంతా తుడిచి, రోలరమ్మ వేలి కణుపుతో ఒక్కటి కొట్టింది. ‘ణంగ్’ మంది. నల్లటి రబ్బరు షీటు ముక్కను వేడిగాలితో మెత్తబరిచి, రేకుకు అతికించి, రోలరుతో అటూ ఇటూ గట్టిగా నొక్కింది. షీటు మీది వెండిరంగు గళ్ళు చదునయ్యేదాకా వదల్లేదు. మళ్ళీ కొట్టింది. ఈసారి ‘దబ్’. అంతే, రేకు నోరు మూసుకుంది.

కార్లలో మోత తగ్గించే ఆ షెడ్డులో ఆమెది ఇరవై ఒక్కేళ్ళ పని. పొద్దస్తమానం చేతిలో రోలరే ఉంటుంది కనుక అందరికీ రోలరమ్మ అయింది. కుడి బొటనవేలు ఆ నొక్కుడుకే వంకరపోయింది. మోకాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు, కూర్చుంటే లేవనివ్వవు, లేస్తే కూర్చోనివ్వవు.

ఆవేళ షెడ్డుకు సెలవు. లోపలున్నది ఒకే బండి, పక్కింటి డ్రైవరుది. వారానికి రెండుసార్లు కిరాయిలు మానుకుని ఆమె అత్తగారిని డయాలసిస్‌కు తీసుకెళ్ళే బండి. మనిషి బంగారం, బండి మాత్రం డొక్కు. గంట ప్రయాణం, గంటా మోతే. ఇంట్లో కాళ్ళ పీకులతో ముసలామెకు ఎలాగూ నిద్ర లేదు. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు అలసటకు కళ్ళు మూతలు పడతాయి, ఆ బండి పడనివ్వదు. మొన్న తేల్చి చెప్పేసింది.

“నేనిక రాను. కునుకు పట్టేలోపు నెత్తిన డప్పు మొదలవుతుంది. ఊరందరి కార్ల నోళ్ళూ మూయిస్తావు, పక్కింటి మన పిల్లాడి బండికి మాత్రం నీకు తీరిక దొరకదు.”

ఆస్పత్రి మానేస్తే పది రోజులు దాటడం కష్టమని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఏయే చప్పుళ్ళో చెప్పండి అత్తయ్యా అని రోలరమ్మ మంచం పక్కన కూర్చుంది. అత్తగారికి హుషారు పుట్టుకొచ్చింది.

“కుడి తలుపులో గలగల. తల వెనక కిర్రుకిర్రు, కొత్త చెప్పుల్లాగా. కాళ్ళ కింద గుయ్యిమని ఒకటే రొద. ఇంకోటుందే పిల్లా, గతుకొస్తేనే, టిక్కు టిక్కు. నీ మొగుడు చిన్నప్పుడు నాలుకతో అచ్చం అట్లాగే చేసేవాడు.” నాలుకతో చేసి మరీ చూపించింది.

షెడ్డుకొచ్చే పెద్దమనుషులు ‘ఏదో సౌండమ్మా’ అని చేతులూపేస్తారు. ఇంత వివరంగా ఒక్కరైనా చెప్పిన పాపాన పోలేదు.

గలగల అంటే తలుపులో రాలిపడిన మర. తీసేసింది. కిర్రుకిర్రు అంటే వెనక అద్దం కింది ప్లాస్టిక్ పలక. దాని అంచుల వెంట ఉన్నిగుడ్డ అంటించి, మిగిలిన ముక్కను తలుపు గూట్లో పరిచింది. గుయ్యిమనే రొదకే చెమటలు పట్టాయి. సీట్లన్నీ విప్పి, కింద పరిచిన గుడ్డ ఎత్తి, నేల రేకంతా షీటు వెయ్యాలి. మిగులు ముక్కలు ఎన్ని కావాలన్నా తీసుకోమని షెడ్డు యజమాని తాళం ఇచ్చి వెళ్ళాడు. ఆయన చల్లగా ఉండాలి. అతుకుల బొంతే అయినా సందు లేకుండా వేసింది. ఇక టిక్కు టిక్కు. వెనక సీటు బెల్టు కొక్కెం పక్కనున్న ప్లాస్టిక్‌ను తాకుతోంది. దానికి గుడ్డ చుడుతూ తనలో తాను నవ్వుకుంది.

మొగుడు పోయిన నాటికి చిన్నవాడికి ఆరు నెలలు. పదకొండో రోజైనా రాకముందే అత్తగారు ఆమెను లేపి మొహం కడిగించింది. “ఏడిచే పని నాకొదిలెయ్. కన్నదాన్ని, ఆ పని నాకు బాగా వచ్చు. నువ్వు పనికి పో,” అంది. ఇద్దరు పిల్లల్నీ ఆమే పెంచింది. పెద్దది నర్సయింది, చిన్నవాడు చదువుకుంటున్నాడు. ఆ ఒక్క మాట లేకపోతే తామంతా ఏమైపోయేవాళ్ళమో రోలరమ్మకు ఊహకే అందదు.

మధ్యాహ్నం బండి బయల్దేరింది. అత్తగారు చెవి రిక్కించి కూర్చుంది. గతుకొచ్చింది, పోయింది.

“ఏదే, ఆ టిక్కు?”

“కట్టేశాను అత్తయ్యా.”

“ఇదా నువ్వు చేసే పని?”

“ఇదే.”

“ఇన్నేళ్ళూ నల్ల చేతులతో ఇంటికి రావడం చూశాను గానీ, ఏం చేసొస్తున్నావో ఇవాళే తెలిసింది.” వంకర బొటనవేలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “బాగుందే.”

రోలరమ్మకు కళ్ళు నిండాయి. “మీరు పిల్లల్ని చూడబట్టే కదా.”

“నువ్వు తేబట్టే కదా తిన్నాం. సరేలే, ఇద్దరం గొప్పవాళ్ళమే. ఇక మాట్లాడకు, నీ పని నువ్వే చెడగొడుతున్నావు.”

డ్రైవరు పకపకా నవ్వాడు. “అత్త లేని కోడలు ఉత్తమురాలన్నవాడు మిమ్మల్ని చూస్తే నాలిక కరుచుకోవాలి పెద్దమ్మా!”

తిరుగు ప్రయాణంలో, “నువ్వు ముందు కూర్చో, కాళ్ళు చాపుకుంటాను,” అంది అత్తగారు. పది నిమిషాల తర్వాత డ్రైవరు అద్దంలోకి చూసి గొంతు తగ్గించాడు.

“అక్కా, నిద్రపోయింది.”

ఇంటిముందుకు వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. “లేపుదామా?” అన్నాడు.

“వద్దు తమ్ముడూ. ఎన్నాళ్ళకు పట్టిన నిద్రో. ఇంకో చుట్టు తిప్పు.”

తిప్పాడు. మరో చుట్టు తిప్పాడు. మూడో చుట్టుకు వీధిదీపాలు వెలిగాయి. రోలరమ్మకు కడుపు నిండినట్టు ఉంది.

ఇంటిముందు బండి ఆగాక వెనక తలుపు తీసి అత్తగారి పాదం పట్టుకుంది. చల్లగా ఉంది. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసింది, నాడి అందలేదు. మొహంలో నొప్పి లేదు. నోరు కొంచెం తెరుచుకుని, మంచి నిద్రలో ఉన్న మనిషిలాగే ఉంది.

“నాకు వినపడలేదు తమ్ముడూ,” అంది. డ్రైవరు స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చేశాడు.

ఇరుగుపొరుగు వచ్చి ముసలామెను లోపలికి మోసుకెళ్ళారు. తలుపు వెయ్యబోయి రోలరమ్మ ఆగిపోయింది. పొద్దున తాను ఉన్నిగుడ్డ పరిచిన తలుపు గూట్లో అత్తగారి కళ్ళజోడుంది. నిద్రపోవాలనుకున్నప్పుడే ఆమె దాన్ని తీసేది. కాడలు రెండూ మడిచి, అద్దాలు పైకి ఉండేలా జాగ్రత్తగా పెట్టింది. మూడు చుట్లు తిరిగినా అది ఒక్కసారీ చప్పుడు చెయ్యలేదు.