పళ్ళసెట్టు కథ

మా తోడికోడలు పోయి నాలుగు నెలలైంది. నాకింకా ఏడుపు రాలేదు. పళ్ళ బిగువున ఆపుకున్నదేం కాదు, రాలేదంతే. వేళకి తింటున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది, తెల్లారితే లేచి పనికి పోతున్నాను. గుండె రాయి చేసుకుందని చుట్టాలు మెచ్చుకున్నారు. రాయి చేసుకోవాలన్నా ముందు గుండె ఎక్కడుందో తెలియాలి కదా. నాకు అదీ తెలియడం లేదు.

పంతొమ్మిదేళ్ళు ఇద్దరం ఒకే ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికాం. తోడికోడళ్ళంటే ఎడమొహం పెడమొహం అంటారు. మాకు ఆ సదుపాయం లేకపోయింది. దుప్పటి మడత పెట్టాలంటే ఎదురెదురుగా నిలబడాల్సిందే. పొద్దున్న ఇంట్లో పోట్లాడుకున్నా పదింటికల్లా చెరో కొసా పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూడాల్సిందే. ఇప్పుడు అవతలి కొస పట్టుకోవడానికి కొత్తమ్మాయిని పెట్టారు. మంచిదే. మాట్లాడదు.

నన్ను లైబ్రరీకి లాక్కెళ్ళింది మా తోడికోడలి కూతురు. అక్కడ మేడ మీద గదిలో నాలుగు శనివారాలు కథ చెప్పడం నేర్పుతారట. రాసేది కాదు, నోటితో చెప్పేది. ఊడ్చేవాళ్ళు, మోసేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు, ఇలా ఎప్పుడూ ఎవరూ కథ అడగని వాళ్ళ కోసం. తలుపు మీద "మీ గొంతు వినిపించండి" అని కాగితం అంటించారు. నా గొంతు ఉతికే మిషన్ల మోతని మించి వినిపిస్తుంది, కావలిస్తే మా సూపర్‌వైజర్ని అడగండి.

చివరి శనివారం ఒక్కొక్కరికీ పది నిమిషాలిచ్చి, చెప్పింది రికార్డు చేసి లైబ్రరీలో ఉంచుతారు. పిల్లకి కావలసింది అదే. వాళ్ళమ్మ గొంతు ఉన్న ఫోను నీళ్ళలో పడి పాడైపోయింది. ఎంతమంది దగ్గరికి తిప్పినా బాగుపడలేదు. "అమ్మ ఆ పళ్ళసెట్టు కథ సగం చెప్పి నవ్వేసేది పెద్దమ్మా. నాకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నువ్వు చెప్పు. అదొక్కటైనా నాకుంటుంది" అంది. కాదంటే పిల్లకి ఏమీ మిగలదు. సరేనన్నాను.

నేర్పే పంతులమ్మకి నా వయసులో సగం ఉండదు, ఓపిక మాత్రం నాకున్నదానికి పదింతలు. మొదటివారం ఆస్పత్రి చీటీ చదివినట్టు గడగడా చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. నాకూ ఏమీ అనిపించలేదు. రెండోవారం ఆవిడ నన్ను మధ్యలో ఆపింది.

"అమ్మా, మీరు 'మనం' అంటున్నారు. ఆ రోజు మేమెవరం అక్కడ లేం కదా. 'మేము' అనండి."

"నేనెప్పుడు ఉతికానమ్మా దుప్పట్లు, మా ఆవిడకి తెలిస్తే రేపట్నుంచి ఉతికిస్తుంది" అన్నాడు పక్కనున్న వాచ్‌మన్. అందరూ నవ్వారు. ఇంత చిన్న మాట దిద్దుకోలేనా అనుకుని మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ "మనం" అనే వచ్చింది. మూడోవారమూ అంతే. నాలుక తిరగలేదు.

ఇంటికి నడుస్తుంటే తెలిసింది ఎందుకో. ఆ కథ నేను బయటివాళ్ళకి ఏనాడూ చెప్పలేదు. బయట చెప్పడం తన పని, తన నోట్లో నువ్వుగింజ నానదు. పని మధ్యలో విసుగు పుట్టినప్పుడు నేను తనకే గుర్తుచేసేదాన్ని, మనం ఆ రోజు ఇలా చేశాం కదే అని. నాలుగు నెలల తర్వాత కూడా తనకే చెప్తున్నానన్నమాట. తెలిసింది గానీ, ఏం చెయ్యాలో తెలియలేదు.

చివరి శనివారం మైకు ముందు కూర్చోబెట్టారు. "మనం ఆ రోజు" అన్నాను. ఆగిపోయాను. మళ్ళీ అన్నాను, మళ్ళీ అదే. నిమిషాలు పోతున్నాయి. వెనక వరసలోంచి పిల్ల లేచి వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుంది.

"అమ్మకి తెలుసు పెద్దమ్మా. నాకే తెలీదు. నాకు చెప్పు."

దాని మొహంలోకి చూశాను. "మేము ఆ రోజు ఆరో వార్డు దుప్పట్లు దులుపుతున్నాం" అన్నాను.

ఆ తర్వాత కథ దానంతటదే నడిచింది. దుప్పట్లోంచి పళ్ళసెట్టు ఊడిపడటం, మీ అమ్మ దాన్ని కడిగి దిండు గలీబులో చుట్టి వార్డులన్నీ తిరగడం, నేను సిగ్గుతో వెనకాల నడవడం, అంతా చెప్పాను. మంచం మంచం దగ్గరా ఆగి, "అయ్యా, మీ నవ్వేమైనా ఇక్కడ పారేసుకున్నారా" అని అడిగేది. ఒకాయన నాది కాదు గానీ ఓసారి పెట్టుకు చూస్తానన్నాడు. చివరి మంచం మీద ముసలాయన మూడు రోజులుగా నోరు విప్పలేదు, మాట పడిపోయిందని డాక్టర్లు అనుకుంటున్నారు. మీ అమ్మ ఆ మూట ఆయన చేతిలో పెట్టింది. ఆయన గోడవైపు తిరిగి పెట్టుకుని, మళ్ళీ ఇటు తిరిగి మొట్టమొదట అన్న మాట, ఈ దుప్పటి ఉతికిందెవరు, మరక అలాగే ఉంది, అని.

గది గదంతా నవ్వింది. పిల్ల కూడా, అచ్చం వాళ్ళమ్మలాగే.

చెప్పేవాళ్ళు ఆగితే "తర్వాత?" అనాలని పంతులమ్మ వినేవాళ్ళకి నేర్పింది. వాచ్‌మన్ అన్నాడు. మేము ఆ దుప్పటి మళ్ళీ ఉతికామని చెప్పాను. ఆయనకి ఉత్సాహం తగ్గలేదు. "తర్వాత?" అన్నాడు మళ్ళీ.

"తర్వాత తను పోయింది" అన్నాను. "నేను ఉన్నాను."

నాలుగు నెలలుగా ఈ మాట అందరూ నాకు చెప్పారు, నేను ఎవరికీ చెప్పలేదు. నా నోట్లోంచి వింటే అప్పుడే ఎవరో కబురు తెచ్చినట్టుంది. పిల్ల గబుక్కున లేచి మైకు ఆపబోయింది. దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఆపకు. నాకింకా రెండు నిమిషాలున్నాయి."

ఆ రెండు నిమిషాలూ ఏడ్చాను.