పక్కనుంచి చూసేవాడు

ఆ వ్యాయామశాల హాల్లో నిలువుటద్దం పెట్టించింది మాస్టారి బావమరిది. కుట్టుపని చేసే ఆమె భుజం పోయింది ఆ అద్దం వల్లే. మాస్టారి దృష్టిలో ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆ రోజు కూడా ఆయన తెల్లారేసరికి వచ్చి, బరువెత్తే బార్‌నూ, దానికి తగిలించే ఇనుప చక్రాలనూ గుడ్డతో తుడిచి, చక్రాలను బరువుల వారీగా గోడకు ఆనించి పెట్టాడు. అరవై రెండేళ్ళ మనిషి. పొట్టి మెడ, ఎడమదానికన్నా కాస్త కిందికి దిగిన కుడి భుజం. ఇరవై ఏళ్ళుగా చేసిన పని ఒక్కటే. బరువెత్తేవాళ్ళకు పక్కగా నిలబడి చూడటం. ఎదురుగా చూస్తే అందరూ బాగానే ఎత్తుతున్నట్టు ఉంటుంది. నడుము వెనక్కి వంగిపోవడం పక్కనుంచే కనబడుతుంది. అద్దం ముందుంది కాబట్టి అక్కడ ఎవరికి వాళ్ళే మొనగాళ్ళు.

"అద్దం ఉందిగా బావా, ఇంకా నీకెందుకీ కాపలా?" అని బావమరిది నలుగురిలో నవ్వేవాడు. మాస్టారి భార్య బతికున్నన్నాళ్ళూ తమ్ముడి నోటికి కాస్త అడ్డు ఉండేది. ఆమె పోయాక అదీ లేదు.

కుట్టుపని ఆమె మొదట వచ్చినప్పుడు చెయ్యి చెవి దాకా లేచేది కాదు. నాలుగు నెలలు ఆయన ఆమె చేత చీపురుకర్ర తప్ప ఏమీ ఎత్తించలేదు.

"మా ఇంట్లో చీపురు లేదనుకున్నారా మాస్టారూ?"

"ఉంటే ఇల్లు ఊడ్చుకో అమ్మా. ఇక్కడ మాత్రం నే చెప్పింది చెయ్యి. పాదం మధ్యలోంచి నడినెత్తి మీదుగా పైకి ఒక గీత ఉందనుకో. బార్ ఆ గీత మీద ఉన్నంతసేపూ ఎముకలు మోస్తాయి. గీత దాటిందా, కీళ్ళు మోస్తాయి. అవెంతకని మోస్తాయి?"

బార్ ముఖం దాటేటప్పుడు గడ్డం వెనక్కి లాక్కోవాలి. నుదురు దాటాక తల ముందుకు తేవాలి. చెయ్యి లేస్తున్నకొద్దీ వీపు మీది రెక్క ఎముకనూ తిరగనివ్వాలి. పక్కటెముకలు ఉబ్బకుండా పొట్ట బిగించాలి. రెండేళ్ళకు అన్నీ పట్టుబడి, నలభై కిలోలు నిటారుగా ఎత్తేది. అంతకు మించి వద్దన్నాడు. ఆ చెయ్యి ఆడితేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది.

పదింటికి అతిథులు వచ్చారు. హాలుకు కొత్త సామాను ఇప్పిస్తామన్న పెద్దమనుషులు. వాళ్ళ ముందు ఎత్తి చూపించాల్సింది కుట్టుపని ఆమె. మాస్టారు రోజూ నిలబడే చోటే బావమరిది రెండు వరుసల కుర్చీలు వేయించాడు.

"బావా, నువ్వటు అద్దం దగ్గరికెళ్ళు. వాళ్ళకి అడ్డం."

వెళ్ళాడు. ఆమె నలభై ఎత్తింది. చప్పట్లు. బావమరిది చెరోవైపు రెండున్నర కిలోల చక్రం తగిలించాడు. ఆమె మాస్టారి వంక చూసింది. తల ఊపాడు. నలభై ఐదూ లేచింది. ఎదురునుంచి మణికట్లు సమంగానే ఉన్నాయి, బార్ సమంగానే ఉంది. మళ్ళీ చప్పట్లు, మళ్ళీ చెరో రెండున్నర. ఆమె మళ్ళీ చూసింది. వదులు చొక్కా కింద నడుము అప్పటికే ఎంత వెనక్కి వంగిందో ఎదురుగా ఉన్న మనిషికి తెలియదు. పైగా ఆ చప్పట్లకు, ఇరవై ఏళ్ళలో మొదటిసారి, ఆయనకూ ఒంట్లో వేడి పుట్టింది. తల ఊపాడు.

బార్ నుదురు దాటి వెనక్కి జారింది. కుడి భుజంలోంచి గుడ్డ చింపినట్టు చప్పుడొచ్చింది.

సాయంత్రం బావమరిది ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాడు. భుజం లోపలి కండరం పూర్తిగా తెగిందట. ఆ చెయ్యి ఇక పైకి లేవదట.

మాస్టారు హాలు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "నీ అద్దం చేసిన పని ఇది."

"అద్దాన్నంటావేంటి? ఆమె అద్దంలో చూసుకుందా బావా? నీ వంక చూసింది. నువ్వు తల ఊపితేనే ఎత్తింది."

మాస్టారు తాళంచెవిని బావమరిది వైపు జరిపాడు.

"ఈ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ మాట్లాడకు. నేనూ మాట్లాడను," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత కుట్టుపని ఆమె భర్త మాస్టారి ఇంటికొచ్చి ఆ రోజు ఏం జరిగిందని అడిగాడు. మాస్టారు పెరట్లోకి వెళ్ళాడు. నెల తిరిగాక ఆమే వచ్చి, కట్టుకట్టిన చేత్తో గుమ్మంలో నిలబడి, "మిమ్మల్నేమీ అననండీ, ఎందుకు తల ఊపారో ఒక్క మాట చెప్పండి చాలు," అంది. ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

హాల్లో కుర్చీలు తీసేశారు. బరువెత్తబోయే ముందు ఆమె మెడలోంచి తీసి మేకుకు తగిలించిన కొలతల టేపు, ఒక కొస నేలకు తగులుతూ, అలాగే వేలాడుతోంది.