వంగి తీసుకోవలసిన కత్తి

బలిఘట్టంలో చుట్టాలింట ఓణీల ఫంక్షన్. భోజనాల వరుస ఇంకా లేవలేదు. తాతాజీ షామియానాలోకి అడుగుపెట్టగానే పెద్దమనుషుల్లోంచి ఒకాయన లేచి, "ఇలా కూకో నాయనా" అని తన కుర్చీ ఇచ్చేశాడు. కుర్రాళ్ళు సెల్ఫీలకు ఎగబడ్డారు. చిన్నపిల్లలు సైతం "ఆ వీడియోలో మావ ఈ మావే!" అని వేలెత్తి చూపించుకున్నారు.

తాతాజీ చేసిన ఘనకార్యం ఏమిటో చెప్పాలి. నర్సీపట్నంలో అతనికి సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఈమధ్య ఒకరోజు షాపులో ఫోను కనబడక, గుమ్మం ముందు నిలబడ్డ ఎవరో కుర్రాణ్ణి అనుమానించి నడిరోడ్డు మీద బెల్టుతో బాదాడు. ఎవరో వీడియో తీశారు. ఇంకెవరో దానికి పాట తగిలించారు. ఊరంతా చూసి "మగాడంటే వీడూ" అంది. ఆ కుర్రాడు దొంగో కాదో తేలలేదు. తేల్చుకుందామని ఎవరికీ తోచలేదు కూడా.

ఆ కుర్చీ మర్యాద చూసి కళ్ళలో కారం పడ్డట్టయిన మనిషి ఒకతె ఉంది. తాతాజీ వదిన రోజారమణి. ఆమె భర్త సూర్యప్రకాష్ తాతాజీకి స్వయానా అన్న. ఆ సమయానికి ఆయన పంచె ఎగ్గట్టి, సాంబారు బకెట్టు పట్టుకొని వడ్డనకు సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

తాతాజీ భార్య శ్రీదుర్గ ఆడవాళ్ళ మధ్య కూర్చుని, "మాయనకి కోపమొస్తే మనిషి కాదండీ" అని మురిసిపోతూ చెబుతోంది. తోటికోడల్ని చూసి పక్కకు జరిగింది.

"రా అక్కా, కూకో. బావగారు పాపం ఎవర్నీ పల్లెత్తు మాటనరు. నువ్వు అదృష్టవంతురాలివి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రోజారమణి పులిహోర విస్తట్లోనే వదిలేసి లేచింది.

బండి మీద కోటవురట్ల వైపు ఇంటికి వెళుతుంటే అంది: "ఇంటికి పెద్దోరు మీరు. కుర్చీ ఆయనకీ, బకెట్టు మీకూనా?"

"వడ్డించడం తప్పేటే?"

"తప్పు కాదు. నా కర్మ."

అసూయ కుంపటి లాంటిది. రాజేసింది ఎవరైనా, కాలేది పెట్టుకున్న కడుపే. ఆనాటి నుంచి రోజారమణి ఆ వీడియో తీసి చూడని పూట లేదు.

ఒకరోజు భార్యాభర్తలిద్దరూ చెరకుతోటలో గడలు పడిపోకుండా ఆకులతో జడ కడుతుండగా పక్క గట్టు సూరన్న గేదె తోటలో పడింది. సూరన్న పాలు అమ్ముకునే ముసలాయన. ఇది ఏటా జరిగేదే. సూర్యప్రకాష్ కేకేసేవాడు, సూరన్న తోలుకుపోయేవాడు, సాయంత్రానికి చెంబుడు పాలు వాళ్ళింటికి వచ్చేవి. అంతటితో తగువు సరి.

ఈసారి సూర్యప్రకాష్ కేకవేయబోతే రోజారమణి అడ్డుపడింది.

"ఇప్పుడూ సెంబుడు పాలకి నోరు మూసుకుంటారేటి? మీ తమ్ముడైతేనా..."

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కత్తి ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి ఇవ్వకూడదు. ఇచ్చేవారు నేల మీద పెట్టాలి, తీసుకునేవారు వంగి తీసుకోవాలి. అత్తగారు జోగులమ్మ కూరగాయల కత్తిపీట దగ్గర కూడా ఈ మాట తప్పనివ్వదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి రోజారమణీ తప్పలేదు. ఆ రోజు మాత్రం గట్టు మీది చెరకు కత్తి తీసి నేరుగా మొగుడి చేతిలో పెట్టింది. రెండో చేత్తో ఫోను తీసి వీడియో నొక్కి, "మీ తమ్ముడైతేనా..." అని మళ్ళీ అంది.

సూర్యప్రకాష్ విసురుగా వెళ్ళాడు.

"ఏట్రా ప్రకాషూ, కత్తేటి? తాడు తెగిపోనాదిరా. తోలుకెళ్ళిపోతన్నాను గదా" అన్నాడు సూరన్న.

సూర్యప్రకాష్ కోపం దిగబోయింది. ఒక్కసారి వెనక్కి చూశాడు. పెళ్ళాం ఫోను తనకే గురిపెట్టి ఉంది. కత్తి ఎత్తాడు. బెదిరిద్దామనే ఎత్తాడు. ముసలాయన అడ్డంగా అరచెయ్యి పెట్టాడు.

నెత్తురు చెరకాకుల మీద పడింది. పక్క పొలంలో పనిచేస్తున్న కుర్రాడు చినబాబు ఈల వేశాడు.

"అద్దీ! వదినా, బాగా వచ్చిందా? బేగి నాకు పంపు!"

రోజారమణి ఫోను దించేసింది. సూర్యప్రకాష్ కత్తి పారేసి, తలగుడ్డ చింపి సూరన్న చేతికి చుట్టి, బండి ఎక్కించుకొని ఆసుపత్రికి పరుగెత్తాడు. కుట్లు పడ్డాయి. వేళ్ళు మునుపటిలా ముడుచుకుంటాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టరు. పాలు పితికి బతికే మనిషికి ఆ మాట! సూర్యప్రకాష్ అక్కడి నుంచి తిన్నగా స్టేషన్‌కు వెళ్ళి తాను చేసింది తానే చెప్పాడు.

సాయంత్రం శ్రీదుర్గ వచ్చింది.

"ఏటక్కా, బావగారు కత్తే ఎత్తారంట! మాయన బెల్టుతోటే ఆగిపోనారు" అని నవ్వబోయింది. నవ్వు సరిగ్గా రాలేదు. "వీడియో ఉందంట గదా? ఏదీ, సూపించు."

రోజారమణి ఆమె కళ్ళలోకి చూసింది. ఫంక్షన్లో తన కళ్ళు ఎలా ఉండి ఉంటాయో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదే. తోటికోడలు తనను చూసి కుళ్ళుకుంటోంది. దాని వెల ఒక ముసలాయన చెయ్యి.

ఫోను నొక్కింది. ముందుగా వినబడింది తన గొంతే: "మీ తమ్ముడైతేనా..." ఆపేసింది.

"ఇది సూసి ముచ్చట పడ్డానికి కాదు దుర్గా. స్టేషన్లో ఇచ్చేస్తాను. కత్తి సేతికిచ్చింది నానేనని కూడా సెప్తాను."

శ్రీదుర్గ లేచిపోయింది. అరుగు మీద జోగులమ్మ అంతా విన్నది.

"కత్తి నేలమీదెట్టమన్నది సాదస్తమనుకున్నారు మీరంతా" అంది. "తీసుకోవాలంటే ఒంగాలి గదే. ఆ ఒంగినంతసేపయినా మనిషికి బుద్దొస్తాదని పెద్దోలు ఎట్టిన పద్దతి. ఇప్పుడు ఒంగనిత్తన్నారేటి? సుట్టూ నిలబడి సేతికందిత్తన్నారు. ఒకడు పాటెడతాడు, ఒకడు ఈలేత్తాడు, ఒకడు కుర్సీ ఏత్తాడు."

తెల్లవారి రోజారమణి సూరన్న పాకకు వెళ్ళి, ఏమీ అడగకుండా గేదె కింద కూర్చుని పాలు పితికింది. కట్టుకట్టిన చెయ్యి గుండెకు ఆనించుకొని సూరన్న చూస్తున్నాడు. ఆమె లేస్తుంటే అన్నాడు:

"సెంబు తేలేదా అమ్మా? నా గేద మీ సెరుకు తింది గదా. పాలట్టుకెళ్ళు."

రోజారమణి అక్కడే కూలబడి ఏడ్చింది.

కొట్టినవాడొక్కడిదే తప్పని మనం చేతులు దులుపుకుంటున్నాం. కొట్టినవాడికి కుర్చీ వేసినంత కాలం, ఆ కుర్చీ కోసం రేపు మన ఇంట్లోంచే ఒక మెత్తని మనిషి కత్తి పట్టుకొని బయలుదేరతాడు.