ఇద్దరు ఎత్తాలి

ఆదివారం పొద్దున కాఫీచుక్క గొంతులో పడకముందే ఆమె మిషనెక్కాలి. ఇంట్లో అదొక రూలు, ఆమె ఒక్కదానికే. హాలు మధ్యలో బరువు తూచే మిషను, దాని ముందు స్టూలేసుకుని మొగుడు, సోఫాలో కాళ్ళు ముడుచుకుని అత్తగారు, గుమ్మానికి ఆనుకుని మరిది. మొగుడు వంగి అంకె చూస్తాడు, ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో మార్కరుతో రాస్తాడు.

"వారమంతా కలిపి తగ్గింది మూడొందల గ్రాములా? ఎవరూ చూడకుండా ఏం తింటున్నావ్?"

పార్సెల్ ఆఫీసు బుకింగ్ కౌంటర్లో పదిహేడేళ్ళుగా ఆమెని తక్కెడమ్మ అంటారు. అట్టపెట్టె ఒకసారి లేపి చూసి బరువు చెప్పేస్తుంది. కాటా మీద పెడితే పావుకేజీ అటూ ఇటూ, అంతే. అలాంటి మనిషిని ఇంట్లో ముగ్గురు కూర్చుని తూస్తున్నారు. సిగ్గుండాలి.

బొడ్డు పైన నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. హెర్నియా, కోసి కుట్టాలి అంది డాక్టరు. "మూడు నెలల్లో ఆరు కేజీలు తగ్గమ్మా, అప్పుడు కుట్టు మీద బరువు పడదు. కానీ నెమ్మదిగా. వారానికి అరకేజీ చాలు. పస్తులుండొద్దు. గుడ్డూ పప్పూ పాలూ మానేశావా, ఒంట్లో సత్తువ పోయి కుట్టు మానదు." పక్కన కూర్చున్న మొగుడు ఫోను చూసుకుంటూ ఆరు కేజీలన్న మాట ఒక్కటే విన్నాడు. ఇంటికొచ్చి, మూడు నెలలెందుకు, నెలన్నరలో అయిపోతుందన్నాడు. మర్నాటి నుంచి గుడ్డు బంద్, పాలు బంద్. ముగ్గురికీ వండి వడ్డించి, తను మాత్రం రెండు దోసకాయ ముక్కలు నమిలి ఆఫీసుకెళ్ళాలి. "ఒళ్ళు కరగాలంటే నోరు కట్టుకోవాలమ్మాయ్" అనేది అత్తగారు, రెండోసారి వడ్డించమని కంచం చాపుతూ. ఒళ్ళు మండిపోయేది. అయినా నోరెత్తలేదు, అదే ఆమె చేసిన తప్పు. ఆకలికి కళ్ళు తిరిగి ఓ రోజు కౌంటర్లోనే కూలబడింది. ఏడు కేజీలు తగ్గింది. రక్తపరీక్ష చూసి డాక్టరు ఆ కాగితం బల్ల మీద విసిరేసింది. "ఒంట్లో రక్తం లేదు, బలం లేదు. ఇలా కోస్తే నీ ప్రాణానికి నేను పూచీ పడను. రెండు నెలలు తిని రా." ఆపరేషను వాయిదా పడింది. "తగ్గమన్నదీ ఆవిడే, తగ్గితే తప్పన్నదీ ఆవిడే" అని విసుక్కున్నాడు మొగుడు.

ఆ రెండు నెలలూ ఆమె ఆఫీసులో తింది. డాక్టరు చెప్పినట్టే, రోజూ రెండు గుడ్లు, గ్లాసుడు పాలు, పద్ధతిగా అన్నం. సాయంత్రం అరగంట నడక. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తన తిండి తాను దొంగతనంగా తినాల్సిన ఖర్మేమిటని ప్రతి ముద్దకీ కోపమొచ్చేది, కోపంతోనే నమిలేది.

ఆపరేషనయింది. ఆరు వారాలు మూడు కేజీలకి మించి ఎత్తొద్దంది డాక్టరు. మళ్ళీ చిరిగితే ఈసారి కుట్టడం కష్టమని మొగుడి ఫోను మూయించి మరీ చెప్పింది. ఎనిమిదో రోజుకే మంచినీళ్ళ డబ్బా ఖాళీ అయిందని అత్తగారి సణుగుడు మొదలైంది. "పడుకుంటే తగ్గినదంతా మళ్ళీ పెరుగుతావ్, లేచి పని చేస్తే అదే కరుగుతుంది" అన్నాడు మొగుడు. జిమ్ములో ఎనభై కేజీలు ఎత్తి అద్దంలో ఫొటో తీసుకునే మరిది, చెమట బట్టలు తెచ్చి బకెట్లో పడేశాడు. ఆ తడిబట్టల బకెట్టు ఎత్తబోయింది. కుట్టు దగ్గర సూదితో గుచ్చినట్టు లాగింది. బకెట్టు వదిలేసి బాత్రూం గచ్చు మీద కూర్చుండిపోయింది. పొట్ట పట్టుకుని, చిరిగిందా లేదా అని తడిమి చూసుకుంది. చిరగలేదు. ఆఫీసులో ఇరవై కేజీలు దాటిన పెట్టెకి ఎర్ర స్టిక్కరు అంటిస్తారు, 'ఇద్దరు ఎత్తాలి' అని. అంటించకపోతే మేనేజరు చెడామడా తిడతాడు. లోడర్ల నడుముకున్న విలువ తన పొట్టకి లేదా? ఆఫీసులో ఒక లోడరుకి ఫోను చేసింది. చూడటానికొచ్చినప్పుడు స్టిక్కర్ల చుట్ట తెచ్చిచ్చాడు.

ఆదివారం మొగుడు మిషను బయటికి లాగాడు. "ఎక్కు."

"ఈ వారం నేను కాదు" అంది. మరిదితో, "ఆ బట్టల బకెట్టు పెట్టు. పదకొండున్నర కేజీలుంటుంది" అంది.

అతను ఆటనుకుని నవ్వుతూ పెట్టాడు. పదకొండున్నర. వంటతో నిండిన కుక్కరు అయిదుంపావు. నీళ్ళ డబ్బా ఇరవై ఒకటి. వారం వారం ఎండకేసే అత్తగారి పరుపు పద్నాలుగు. ముందు ఆమె చెబుతోంది, తర్వాత మిషను చెబుతోంది. మూడు కేజీలు దాటినదానికల్లా ఎర్ర స్టిక్కరు పడుతోంది. మరిది నవ్వు ఎక్కడో ఆగిపోయింది.

"రాయండి, మార్కరు చేతిలోనే ఉందిగా" అంది మొగుడితో.

"ఏమిటీ వేషాలు? ఇవన్నీ ఎవరెత్తుతారు?"

"ఇద్దరని రాసుంది కదండీ. మీరిద్దరున్నారు."

అత్తగారు తన పరుపు మీది స్టిక్కరుని గోటితో గీకి చూసింది. ఆమె ఫ్రిజ్ తెరిచి ఉడకబెట్టిన గుడ్డు తీసుకుని, అందరి ముందూ కుర్చీలో కూర్చుని పెంకు ఒలవడం మొదలుపెట్టింది.

"పోనీలే అన్నయ్యా, ఆరు వారాలేగా" అన్నాడు మరిది.

"ఆరు వారాలన్నది డాక్టరు" అంది ఆమె, గుడ్డు కొరుకుతూ. "ఆ తర్వాత ఎన్నాళ్ళో నేను చెబుతాను."