ఇల్లరికపు వైరస్

అధికారి చేతిలోని కాగితం ఒకే మాట చెబుతోంది: కాల్చివేయవలెను.

ఎవర్ని? ఆకు మీద మచ్చయినా లేని పెటూనియాల్ని! గాజుపందిరి నిండా ఊదారంగు పూలు నోళ్ళు తెరిచి నవ్వుతున్నాయి. ఆ రంగు కోసం తోట యజమానురాలు మొండిపిన్ని ఏళ్ళ తరబడి పువ్వుకీ పువ్వుకీ పెళ్ళిళ్ళు చేసింది. అలాంటి రంగు ఇంకో తోటలో లేదు. ఇవి బూడిదైతే మళ్ళీ పుట్టదు.

"అన్నిట్లోనూ వైరస్ ఉందమ్మా. పక్క తోటలకి అంటుకుంటే ఎవరిది పూచీ?" అన్నాడు అధికారి.

"జబ్బుచేసిన మొహాలా ఇవి? కళ్ళు తెరిచి చూడవయ్యా!"

"నేను చూడాల్సింది రిపోర్టు."

"అదిగో, అదే మీ జబ్బు!"

ఆమె కూతురు పనిచేసేది ఆ రిపోర్టు పుట్టిన పరీక్షగదిలోనే. అమ్మ గొంతు ఇంకా పెరిగేలోపు మధ్యలో దూరింది.

"సార్, నాకు ఒకటి అర్థం కావట్లేదు. ఇంట్లో జలుబొస్తే ఒకడు తుమ్ముతాడు, ఒకడు మంచమెక్కుతాడు, ఒకడు తిరుగుతుంటాడు. ఇక్కడేమో అన్ని మొక్కల్లోనూ గీసినట్టు ఒకే మోతాదు. సాయంత్రం దాకా ఆగండి. ఇంకోలా పరీక్ష చేస్తాను."

అధికారి గడియారం చూసుకుని, మొండిపిన్ని మొహం కూడా చూసి, సరేనన్నాడు. బతికిపోయాడు.

మొక్కల పెట్టె మోసుకొచ్చింది అల్లుడు. ఒకప్పుడు తోటలో నీళ్ళపంపు బాగుచేయడానికొచ్చి, మధ్యాహ్నం భోజనానికి ఆగి, కూతుర్ని చూసి, ఇక కదల్లేదు. పెళ్ళై ఇన్నేళ్ళయినా మొండిపిన్నికి అతను 'పంపబ్బాయే'.

పరీక్షగదిలో కూతురు ఆకుల్ని నూరి రసం తీసింది. పక్కనే, నిజంగా తెగులు పట్టిన ఆకు రసం కూడా పెట్టింది.

"బయట తిరిగే వైరస్‌కి ఒంటిమీద చొక్కా ఉంటుందమ్మా. మొక్క సొంత డీఎన్‌ఏకి ఉండదు. ఇప్పుడు నేను వేసే మందు చొక్కాలేని డీఎన్‌ఏని తినేస్తుంది. చొక్కా ఉన్నదాన్ని ముట్టుకోలేదు. ఆ తర్వాత మిగిలిందేంటో చూద్దాం."

వెంట వచ్చిన అధికారి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మొండిపిన్ని కుర్చీ అంచున కూర్చుని, దేవుణ్ణీ కంప్యూటర్‌నీ ఒకే ఊపున తిట్టింది.

తెరమీద, వైరస్ ఎంత మిగిలిందో చూపే గీతలు మొదలయ్యాయి. తెగులు ఆకు గీత మెట్లెక్కినట్టు పైకి పోయింది. ఊదా పూల గీత మాత్రం నేలమీద చాపలా పడుకుంది. లేవలేదు. లేవదు!

"లేదమ్మా! బతికున్న వైరస్ లేదు!" కూతురు ఎగిరి గంతేసింది.

"మరి మొదట కనబడిందేంటి?"

"లక్షల ఏళ్ళ కిందట ఈ పూల ముత్తాతల్లో దూరిన వైరస్. దోచుకోవడానికొచ్చింది. డీఎన్‌ఏలో చిక్కుకుని అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు గింజ గింజకీ వారసత్వంగా వస్తోంది. మా మొదటి పరీక్ష, ఈ మొక్క ఇంటిమనిషినే చూసి దొంగ అని అరిచింది."

మొండిపిన్ని ఒక్క క్షణం అల్లుడి వైపు చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓసినీ! ఇల్లరికపుటల్లుడనవే! పనిమీదొచ్చి, తిని, కూర్చుండిపోయాడు!"

"అత్తయ్యా, నేను దోచుకోవడానికి రాలేదు. పంపు నిజంగానే చెడింది."

"చెడగొట్టింది నేనే," అంది కూతురు తెర వైపు తిరిగి.

ఈసారి అధికారి కూడా నవ్వాడు. కాగితం నాలుగు మడతలేసి జేబులో కుక్కి, పైవాళ్ళకి ఈ గీతలే పంపిస్తానన్నాడు.

"ఒక్క మాటమ్మా," కూతురు ఆపింది. "మొక్కని ఎండగడితే, ఆకలికి మాడిస్తే ఆ అల్లుడు లేచి గొడవ చెయ్యొచ్చు. నువ్వు పూలెక్కువ రావాలని నీళ్ళు మాన్పిస్తావు చూడు, అది ఇక కుదరదు."

"సరేలే," అంది మొండిపిన్ని, వాదించకుండా. ఆ ఊళ్ళో ఎవరూ చూడని వింత అది.

పందిరికి తిరిగొచ్చాక నీళ్ళగొట్టం తీసి అల్లుడి చేతిలో పెట్టింది.

"తడుపు, అల్లుడుగారూ. మీ వాళ్ళు అలగకుండా చూసుకో."

అల్లుడుగారు పంపు వేశాడు. నీళ్ళు ముందు అత్తయ్య మీదే పడ్డాయి.