జంట సైకిలు మీద యానాం గంట

నేను ఒక సైకిలు గంటను. దారిలో ఉన్నవారిని పక్కకు తప్పుకోమనడం తప్ప మరో మాట రాకుండా నన్ను తయారుచేశారు. ఇత్తడి గిన్నె, దాని కడుపులో రెండు పళ్లచక్రాలు, బొటనవేలి కోసం ఒక మీట. నా శరీరం ఇంతే. ఈ శరీరంతో, ఆ ఒక్క మాటతో రెండు దేశాలు తిరిగాను.

పుట్టింది ఫ్రాన్సులో, బొగ్గుగనులకూ సైకిళ్లకూ పేరుపడ్డ సాంతెతియెన్ పట్టణంలో. అక్కడినుంచి గోదావరి ఒడ్డున ఉన్న యానానికి నేను చేరడానికి కారణం ఒక చట్టం. బ్రిటిషు ఇండియాలో పసిపిల్లల పెళ్లిళ్లను నిషేధించారు. ఆ చట్టం ఫ్రెంచివారి యానాం పొలిమేర దాటలేదు కనక పెళ్లివారే పొలిమేర దాటి యానాం వచ్చారు. పెళ్లివారు వచ్చారు కనక అద్దె సైకిళ్లకు గిరాకీ పెరిగింది. గిరాకీ పెరిగింది కనక సైకిలు షాపు కొప్పిశెట్టి రామన్న పుదుచ్చేరి ఓడలో ఒక పెట్టెడు గంటలు తెప్పించాడు. చరిత్ర మంచి పనులకు మాత్రమే గంటలు తెప్పించదు.

యానాం భారతదేశంలో కలిసినప్పుడు, ఫ్రెంచి పౌరసత్వం కావలసినవారు సంతకం చేసి చెప్పవచ్చునని గడువు ఇచ్చారు. రామన్న కొడుకు సంతకం చేశాడు. ఎందుకు చేశావని ఎవరైనా అడిగితే, "తమ్ముడు చెయ్యనన్నాడండి, అందుకని" అనేవాడు. మనుషులు తమ వంశం దిశ మార్చే నిర్ణయాలను తరచు ఇంతటి విచక్షణతోనే తీసుకోవడం నేను చూశాను. ఆ సంతకం ఫలితం పద్దెనిమిదేళ్ల తరువాత అతని కొడుకు తాతారావుకు అందింది. ఫ్రెంచి సైన్యంలో నిర్బంధ సేవకు రమ్మని పిలుపు వచ్చింది. అప్పటికి బాగా ముసలివాడైన రామన్న నన్ను ఒక పాత హ్యాండిల్ నుంచి విప్పి మనవడి పెట్టెలో పడేశాడు.

"ఆ దేశంలో తప్పుకోమని ఏ భాషలో చెబుతావురా? ఇది పట్టుకెళ్లు," అన్నాడు.

సైన్యంనుంచి బయటపడ్డాక తాతారావు డిజోన్ నగరంలో ఆవముద్ద తయారుచేసే కర్మాగారంలో చేరాడు. ఆవకాయ తిని పెరిగినవాడికి ఆ ఘాటు ఉద్యోగమనిపించలేదు. యానాంనుంచి మంగాయమ్మను పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. ఇద్దరికీ ఆ నగరం చుట్టూ ఉన్న బుర్గోన్య్ ప్రాంతపు పల్లెదారుల పిచ్చి పట్టింది. ద్రాక్షతోటల మధ్య, కాలవగట్ల వెంట, సున్నపురాయి కంకర పరిచిన తెల్లటి బాటలు అక్కడ ఎన్నో ఉన్నాయి. వాటికోసమే చేసిన సైకిళ్లను గ్రావెల్ సైకిళ్లంటారు. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, పందెం సైకిలుకంటే లావుపాటి టైర్లు. దంపతులు ఆ జాతిలోనే ఇద్దరు తొక్కే జంట సైకిలు కొన్నారు. దానిమీద ఉన్న ప్లాస్టిక్ గంటను తీసేసి తాతారావు నన్ను బిగించాడు. నేను పుట్టిన దేశంలో, పుట్టిన ఇన్నేళ్లకు, మొదటిసారి మోగాను. ఎవరూ తప్పుకోలేదు. తప్పుకోవడానికి ఆ బాటమీద ఎవరూ లేరు.

తరువాత తాతారావు కళ్లకు నీటికాసులు వచ్చాయి. చూపు అంచులనుంచి లోపలికి ముడుచుకుంటూ పోయింది. ముందు సీటునుంచి అతను వెనక సీటుకు మారాడు. మంగాయమ్మ ముందుకు వచ్చింది. ఒకనాడు సెమూర్ కోట దిగువన కంకరమీద చక్రం జారి ఆమె ముంజేయి విరిగింది. ఎముక అతుక్కుంది. అతుక్కోనిది తాతారావు మనసు.

"నా కళ్లకోసం నీ చెయ్యి విరగాలా?" అన్నాడు. అంతటితో సైకిలు కొట్టుగదిలోకి వెళ్లింది. అతను ఇంట్లోకి వెళ్లాడు, ఇక ఏడాదిపాటు బయటికి రాలేదు.

డిజోన్‌లో ఒక సంఘం ఉండేది. దాని సభ్యులు ముందు సీటెక్కి, చూపులేనివారిని వెనక కూర్చోబెట్టుకుని ఊళ్లు తిప్పుతారు. వాళ్లకు సైకిళ్లు చాలడంలేదని విని, జంట సైకిలును ఇచ్చేస్తానని తాతారావు కబురు పంపాడు.

"పాపం, చూపులేనివాళ్లకి పనికొస్తుంది," అన్నాడు.

ఆ మాట మంగాయమ్మ విన్నది. గోడకు ఆనించి ఉన్న సైకిలుమీదినుంచి నేనూ విన్నాను. ఆ 'వాళ్లలో' తానొకడినని అతనికి తట్టలేదు. అతను దానం చేస్తున్నది ఒక సైకిలును మాత్రమే కాదని ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు, మూడో మనిషికి తెలియదు. సోమవారం సంఘంవారు వచ్చి సైకిలును తీసుకుపోతే అతను ఆ తెల్లబాటలమీదికే కాదు, వీధి మలుపుదాకా కూడా రాడు.

ఆ రోజుల్లోనే మంగాయమ్మ తమ్ముడు వీరభద్రం రెండు నెలల వీసామీద వచ్చాడు. యానాంలో అతనికి షామియానాల వ్యాపారం. ఇచ్చేసేముందు ఒక్కసారి ఫోంతెనే మఠం వెళ్లివస్తానని తాతారావు అన్నాడు. అది క్రైస్తవ సన్యాసులు కట్టిన పాత మఠం, పెళ్లైన కొత్తలో మంగాయమ్మను మొట్టమొదట తీసుకెళ్లిన చోటు. ముందు సీటు వీరభద్రానికి వచ్చింది.

"అక్కా, దీనికి స్టాండేదీ?" అన్నాడతను, సైకిలు చుట్టూ తిరిగి. "క్యారేజీ ఏదీ? ఇంత పోసి కొన్నోళ్లు స్టాండు మర్చిపోయారేంటి?"

"నీ దృష్టి స్టాండుమీద కాదు, దారిమీద పెట్టు," అంది మంగాయమ్మ. అతన్ని పక్కకు తీసుకెళ్లి, నా పక్కనే నిలబడి, గొంతు తగ్గించింది. "ఒరే, ఆయన చిన్నబుచ్చుకుని తిరిగిరాకూడదు. ఆ మఠం చూసొచ్చాననుకోవాలి. తరవాత సంగతి నాది."

ఈ ఒక్క ఆజ్ఞనుంచే ఆనాటి తతంగమంతా పుట్టింది.

శనివారం ఉదయం మంగాయమ్మ కారులో మమ్మల్ని ఫ్లావిఞీ అనే కొండమీది పాత ఊళ్లో దించి, మేం మఠం చూసి తిరిగివచ్చేదాకా మోంబార్ పట్టణంలో ఎదురుచూస్తానని వెళ్లింది. ఫ్లావిఞీలో సోంపుగింజకు పంచదార పూతపూసి చిన్న బిళ్లలు చేస్తారు. వీధంతా ఆ వాసనే. వీరభద్రం ఒక డబ్బా కొని నోట్లో నాలుగు వేసుకున్నాడు.

"భోజనం పెట్టకుండా సోంపిచ్చారేంటి బావా వీళ్లు?"

"ముందు తొక్కరా. అరిగాక పెడతారు."

కొండ దిగి, కాలవగట్టు వెంట సాగాం. వెనకనుంచి తాతారావు అడుగుతూనే ఉన్నాడు.

"ఏం కనిపిస్తుందిరా?"

"ఆవులు బావా. తెల్లావులు. మన ఒంగోలువాటికి మూపురం చెక్కేసినట్టున్నాయి."

"ఇంకా?"

"ఇంకా ఆవులే."

వీరభద్రానికి రాజులు తెలియరు, శతాబ్దాలు తెలియవు. అతని దగ్గర కొలబద్ద ఒక్కటే ఉంది. ఏ కట్టడం కనిపించినా అందులో ఎంతమందికి విస్తళ్లు వేయవచ్చునో చెబుతాడు. దూరాన ఉన్న ఒక జమీందారీ భవనాన్ని "రెండు బంతులు, వంటకి వెనక దొడ్డి ఉంది" అని వర్ణించాడు. మార్గదర్శి పుస్తకాల పరిభాషకంటే ఇది తాతారావుకు బాగా అందింది. యానాంలో పెరిగిన మనిషికి బంతి అంటే ఎంత పొడవో కళ్లతో పనిలేకుండా తెలుసు.

మోంబార్ దాటి అడవి బాట పట్టాక మలుపు తప్పింది. వీరభద్రం ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. ముందుకే తొక్కాడు. ఎక్కడానికి ఉందేగాని దిగడానికి లేదు. గంటసేపటికి చెట్లు విడిపోయి, ఒక ఎత్తుమీద రాతిగోడల పాత కట్టడం కనిపించింది. వంపు తిరిగిన పెద్ద ద్వారం, లోపల చీకటి. అతను బ్రేకు వేశాడు. అక్క ఆజ్ఞ అతనికి గుర్తొచ్చి ఉంటుంది. దారి తప్పామని ఒప్పుకుంటే బావ చిన్నబోతాడు. ఒప్పుకోకపోతే ఎవరికి నష్టం? మనుషుల అబద్ధాలలో సగం ఈ లెక్కమీద పుట్టినవే.

"వచ్చేశాం బావా," అన్నాడు. "అబ్బో, ఏం కట్టారు."

తాతారావు దిగాడు. తెల్లకర్రతో గుమ్మం తడిమి, లోపలికి నాలుగడుగులు వేశాడు.

"టిక్కెట్టు అడగలేదేంట్రా?"

"ఇయ్యాళ సెలవేమో బావా. తలుపులు తీసే ఉన్నాయి."

"గడ్డివాసనొస్తుందేంటి?"

"సన్నాసులు కదా. గడ్డిమీద పడుకునేవోళ్లేమో. ఆ వాసన అలా ఉండిపోయుంటాది."

"ఎనిమిదొందల ఏళ్లనుంచీనా?"

"రాతి గోడలు కదా బావా. పట్టేసుకుంటాయి."

"ఎంతమందికి పడుతుంది?"

"ఐదొందలమందికి తేలిగ్గా. పైన చూడాలి అసలు. దేవతలు, రెక్కలు, బంగారంపూత…"

ఇక్కడ వీరభద్రం పొరబడ్డాడు. ఫోంతెనే కట్టిన సన్యాసులు బొమ్మలనూ బంగారాన్నీ నిషేధించినవారు. తాతారావు వెనక్కి వచ్చి, హ్యాండిల్‌మీద చేత్తో వెతికి, నా మీట నొక్కాడు. నేను మోగాను. నా మోత గడ్డిమోపుల్లో దూరి, చెక్కకప్పుకు తగిలి, అక్కడే పడుకుంది. తిరిగి రాలేదు. చూపున్న రోజుల్లో ఆ మఠంలో ఎవరో దగ్గితే ఆ దగ్గు గోడలెక్కి నెమ్మదిగా దిగివచ్చిన సంగతి అతనికి గుర్తుంది.

అతను నవ్వడం మొదలుపెట్టాడు. ఏడాదిగా వినని నవ్వు. గుమ్మానికి ఆనుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ నవ్వాడు.

"ఒరే బావమరిదీ. గడ్డికొట్టానికి బంగారంపూత పూసినవాడివి నువ్వొక్కడివేరా."

వీరభద్రం తలదించుకున్నాడు. "అక్క చంపేస్తాది బావా."

"చెప్పం. ముందు మఠం వెతుకుదాం."

"మనకి దారి తెల్దు కదా."

"సన్యాసులు కొలిమి పెట్టుకుని ఇనుం కొట్టేవారు. సమ్మెట ఆడాలంటే నీళ్లచక్రం కావాలి, చక్రం తిరగాలంటే ఏరు కావాలి. ఏరు ఎత్తుమీద ఉండదు. నువ్వు నోరుమూసుకుంటే వినబడుతుంది."

వీరభద్రం నోరుమూసుకున్నాడు. ఎడమవైపు దిగువన నీళ్ల చప్పుడు ఉంది. ఏడాదిగా ఇంటి లోపల గదినుంచి గదికి కూడా భార్యను అడిగి నడిచిన మనిషి, వెనక సీటునుంచి "ఎడమకి… ఇంకా ఎడమకి" అంటూ జంట సైకిలును లోయలోకి దింపాడు. మలుపుల్లో నన్ను మోగించడం వీరభద్రం మరిచిపోయాడు. అతనికి దేవుడు గుర్తొచ్చాడు.

ఫోంతెనేలో టిక్కెట్టు అడిగారు. సైకిలు లోపలికి రాకూడదన్నారు. తాతారావు నా మర విప్పి, అరచేతిలో పెట్టుకుని నడిచాడు. నేలంతా మట్టి. ఎత్తైన రాతి కప్పు. వీరభద్రం నాలుగు దిక్కులా చూసి నిజం చెప్పాడు.

"బావా, ఈసారి అబద్ధం కాదు. ఇక్కడ చూడ్డానికేం లేదు. ఉత్త గోడలు."

అతని అమాయకపు మాటలో ఆ మఠం చరిత్ర మొత్తం ఉంది. అలంకారం మనసును చెదరగొడుతుందని ఆ సన్యాసులు నమ్మారు. నమ్మారు కనక గోడలమీద ఏదీ తగిలించలేదు. తగిలించలేదు కనక శబ్దాన్ని మింగే వస్తువు అక్కడ లేకపోయింది. కళ్లకు ఏమీ మిగల్చకూడదని వాళ్లు చేసిన పని, ఇన్ని వందల ఏళ్ల తరువాత కళ్లు లేని ఒక యానాం మనిషికోసం చేసినట్టుగా పరిణమించింది.

అతను మీట నొక్కాడు.

నేను చిన్నదాన్ని. సైకిలు దూరానికి సరిపడే గొంతు నాది. కాని ఆ మోత నన్ను వదిలి వెళ్లి, స్తంభంనుంచి స్తంభానికి అడుగులు వేసి, పక్క వసారాల్లోకి తొంగిచూసి, పైకప్పు వంపును నిమిరి, చివరిగోడదాకా పోయి, పెద్దదై తిరిగివచ్చింది. తాతారావు తల మెల్లగా పైకెత్తాడు. ఎంతవరకు ఎత్తాలో అతనికి తెలిసింది.

ఒక ఉద్యోగిని గబగబా వచ్చింది. "ఇక్కడ శబ్దం చేయకూడదండీ," అంది ఫ్రెంచిలో. తెల్లకర్ర చూసి ఒక క్షణం ఆగింది. "ఒక్కసారైతే నాకు వినపడలేదు," అని, వచ్చినంత వేగంగా వెళ్లిపోయింది.

"ఆరు బంతులు పడతాయిరా," అన్నాడు తాతారావు, తల దించకుండానే.

వీరభద్రం వృత్తి మర్యాదతో ఆలోచించాడు. "నాలుగే వేస్తాను బావా. స్తంభాలు అడ్డం. సాంబారు బకెట్టుతో తిరగలేరు." బావవైపు తిరిగి అడిగాడు. "నీకెలా తెలిసింది?"

"చూశాను," అన్నాడు తాతారావు.

సోమవారం రానే వచ్చింది. సంఘంనుంచి రెమీ అనే మనిషి వ్యానులో వచ్చాడు. ముప్పైయేళ్లుంటాయి, మాటల్లో తొందర లేదు. తాతారావు సైకిలును స్వయంగా కొట్టుగదినుంచి నడిపించుకొచ్చాడు. గొలుసుకు నూనె వేసిన సంగతి, వెనక బ్రేకు బిగువు సంగతి చెప్పాడు. రెమీ సైకిలును అందుకోవడానికి చేయి చాపాడు. తాతారావు హ్యాండిల్ వదల్లేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"మీరు ముందు సీటెక్కుతారా?" అని ఫ్రెంచిలో అడిగాడు తాతారావు.

"ఎక్కుతాను. అదే నా పని."

"అయితే వెనక సీటుకి నేనున్నాను. నాకు కూడా చూపులేదు."

ఆ మాట అతను పైకి అనడం అదే మొదలు. రెమీకి అందులో విశేషం కనిపించలేదు, తలూపి వ్యాను తలుపు మూసేశాడు. మంగాయమ్మ మాత్రం వంటింట్లోంచి అతని కోటు పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, చలిగా ఉంది. కోటేసుకోండి."

"స్టాండు కూడా పెట్టించమను బావా," అన్నాడు వీరభద్రం గుమ్మంలోంచి.

బయలుదేరేముందు తాతారావు నన్ను ముందు హ్యాండిల్‌నుంచి విప్పి, వెనక హ్యాండిల్‌కు బిగించుకున్నాడు. దారికి పనికొచ్చే గంట ముందు ఉండాలి కదా అని రెమీ అన్నాడు. దారికి ఇంకొకటి కొనుక్కోమని తాతారావు అన్నాడు.

ఇప్పుడు నా ఉద్యోగం అది. వంతెనల కింద, పాడుబడిన చాకిరేవు కొట్టాల్లో, కోటబురుజుల లోపల, గుళ్ల వసారాల్లో నన్ను మోగిస్తారు. తప్పుకోమని చెప్పడానికి పుట్టినదాన్ని, ఎన్ని శతాబ్దాలైనా తప్పుకోని వాటి ముందు మోగుతున్నాను. అవి తప్పుకోవు. జవాబు చెబుతాయి. వెనక సీటుమీద ఒక మనిషి ఆ జవాబు ఎత్తు ఎంతో, లోతు ఎంతో, ఎన్ని విస్తళ్లు పడతాయో వింటూ, తల పైకెత్తుతాడు.