నాలుగు వందల పన్నెండో సైకిల్

"కాలర్ దగ్గర మడత పోలేదు, చూడు" అన్నారు మా ఆయన, అద్దంలోంచే.

ఇస్త్రీపెట్టె మళ్లీ ఆనించాను. ఇవాళ ప్రభుత్వం పంపిన నిపుణుల కమిటీ మా ల్యాబ్‌కి వస్తోంది. వాళ్లు సరేనంటే మా బ్యాటరీకి ఇంకో మూడేళ్లు నిధులు, కాదంటే ల్యాబ్‌కి తాళం. నిధులు ఆయన పేరు మీదా విధులు నా పేరు మీదా వస్తాయి కాబట్టి, మడతలన్నీ తీయాల్సింది నేనే.

"ఆ పేజీ సంగతి చూశావా?" అన్నారు చొక్కా తొడుక్కుంటూ.

"చూశాను" అన్నాను. సరిచేశానని అనలేదు. ఆయన అడగలేదు.

పగటి ఎండతో తయారైన కరెంటుని పొద్దుగూకాక వాడుకోవడానికి దాచే బ్యాటరీ మాది. ఖరీదైన లోహాలు లేకుండా, ఉప్పులో దొరికే సోడియంతో చేస్తాం. వంటింట్లో ఉప్పు చూసుకునేది నేనే కదా అని ల్యాబ్‌లో ఉప్పు కూడా నాకే వదిలేశారు. బ్యాటరీ సెల్‌ని ఒకసారి కరెంటుతో నింపి ఒకసారి ఖాళీ చేస్తే ఒక సైకిల్. ఈ మాట విని అత్తగారు, "మావాడు సైంటిస్టని నలుగురికీ చెప్పుకుంటున్నాను, ఈ సైకిళ్ల గొడవ బయట అనకమ్మాయ్" అన్నారు. వెయ్యి సైకిళ్లు తిరుగుతుందని కమిటీకి నమ్మకం కుదిరితేనే ఈ రెండో విడత నిధులు. పోయిన సోమవారం పొద్దున్న పదింటికి, నాలుగు వందల పన్నెండో సైకిల్లో, నా కళ్లముందే సెల్ పాలు అరగని బిడ్డ కడుపులా ఉబ్బి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. లోపల ఎక్కడో తడి మిగిలింది. ఇంకో రెండేళ్లు చేతిలో ఉంటే ఆ తడి నేను తీసేయగలను. కానీ నేను ఫోన్లో సంగతి చెప్పాక కూడా, ఆయన కమిటీకి పంపిన రిపోర్టులో అది ఇంకా తిరుగుతూనే ఉంది.

"నోట్‌బుక్‌లో కూడా తిరుగుతోందనే రాసెయ్" అన్నారు ఆయన ఆ సాయంత్రం ఊరి నుంచి వచ్చి, అన్నంలో చెయ్యి పెట్టి. "కొత్త సెల్‌కి పాత నంబరు అంటిద్దాం. నిధులొచ్చాక నిజంగానే వెయ్యి తిప్పుదువుగాని. నీ మంచికే చెబుతున్నాను. ప్రాజెక్టు పోతే నా జీతానికేం కాదు. పోయేది నీ కాంట్రాక్టే."

నిజమే. ఆయన శాశ్వత ఉద్యోగి, నేను శాశ్వతంగా తాత్కాలిక ఉద్యోగిని. పాప పుట్టినప్పుడు మూడేళ్లు ఇంట్లో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి పోస్టుకి నా వయసు దాటింది. "వయసు దాటితే దాటింది, వంట చెయ్యి దాటలేదుగా" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఎంత నవ్వానో తలుచుకుంటే ఇప్పుడు దవడలు నొప్పి పుడతాయి. ప్రభుత్వ నిధులకి ప్రధాన పరిశోధకుడు శాశ్వత ఉద్యోగే అయ్యుండాలి. అందుకని కూరగాయలు తరుగుతూ దరఖాస్తు నేను రాశాను, ఆయన సంతకం పెట్టారు. మా నోట్‌బుక్‌లో ప్రతి పేజీ కిందా రెండు గళ్లుంటాయి: 'చేసినవారు', 'చూసినవారు'. మొదటి గడి ప్రధాన పరిశోధకుడిది. రెండోది ఎవరో ఒకరిది, అంటే నాది. ఆరేళ్లు, నేను చేసిన పనిని నేనే పక్కన నిలబడి చూసినట్టు సంతకాలు పెట్టాను. ఆయనకి వారం వారం కూర్చుని సంతకాలు పెట్టడం కూడా విసుగే. ప్రతి నెలా మొదటి రోజున టీ తాగుతూ ముప్పై ఖాళీ పేజీల కింద వరసగా సంతకాలు పెట్టేసి, "రాసుకో" అని నోట్‌బుక్ నావైపు తోసేవారు. ఊరికి ఎండ కరెంటైంది. ఎండింది మాత్రం నేను.

ఆ సోమవారం పేజీ కిందా ఆయన సంతకం ముందే ఉంది. పైన నేను జరిగిందే రాశాను. సెల్ ఉబ్బింది, పరీక్ష ఆగింది. ఆయన చెప్పాక ఆ పేజీని నాలుగు రోజులు రోజూ తెరిచాను. కలం పట్టుకున్నాను కూడా. మార్చలేదు. 

పదకొండింటికి కమిటీ వచ్చింది. ముగ్గురు. నేను మంచినీళ్లు అందించి బల్ల చివర, ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాను. అధ్యక్షురాలు తల నెరిసిన ఆవిడ. కళ్లజోడు ముక్కు మీదకి జార్చి, రిపోర్టు ఒకవైపు, నోట్‌బుక్ ఒకవైపు పెట్టుకుని పేజీలు తిప్పుతూ ఆగిపోయారు.

"రిపోర్టులో సెల్ తిరుగుతోంది. ఇక్కడ ఆగిపోయిందని రాశారు. ఈ సంతకం మీదేగా?"

మా ఆయన ఆ పేజీ చదివారు. తర్వాత నా వైపు చూశారు. ఇంట్లో కూరలో ఉప్పెక్కువైనప్పుడు చూసే చూపే.

"సంతకం నాదేనండి. కానీ ఆరోజు నేను ఊళ్లో లేను. ముందే పెట్టిన సంతకం అది. మా అసిస్టెంట్ చేశారు. రీడింగ్ తప్పు రాసుకుని ఉంటారు, పాపం, ఇంటిపనితో కొంచెం సతమతమవుతుంటారు."

ఆరేళ్లలో మొదటిసారి ఒక పని నేను చేశానని నలుగురిలో ఒప్పుకున్నారు.

"ఆరోజు పని చేసింది మీరేనా అమ్మా?" అన్నారు ఆవిడ నా వైపు తిరిగి.

ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పొరపాటు పడ్డానండి అంటే చాలు. నిధులుంటాయి, ల్యాబ్ ఉంటుంది, కాంట్రాక్టుంటుంది, సాయంత్రం ఇంట్లో మాటలుంటాయి. నా సెల్‌కి ఇంకో మూడేళ్లు ఉంటాయి, ఎవరి పేరు మీదైతేనేం అనుకుంటే. నిజం చెబితే ఇవేవీ ఉండవు. ఆ తడి ఎలా తీయాలో నాకొక్కదానికే తెలుసు. అది నాతోనే ఎండిపోతుంది. ఆయన బల్ల కింద నుంచి కాలితో నా చెప్పు మెల్లగా నొక్కారు.

నేను కాలు వెనక్కి తీసుకున్నాను.

"అవునండి. ఆ ఒక్కరోజే కాదు, మొదటి పేజీ నుంచీ చేసింది నేనే. ఆయన ఊళ్లో ఉన్న రోజుల్లో కూడా."